కొండ మీద మా ఇంటి దగ్గు

నాకు దగ్గు మొదలైన రోజు మేం హిమాలయాల్లో రెండో క్యాంపులో ఉన్నాం. దాన్ని నేను లెక్కచేయలేదు. చొప్పదండిలో మాది మరమగ్గాల ఇల్లు, ఆ సాంచెల చప్పుడులోనే పుట్టి పెరిగాను. నూలు దుమ్ముకు బాపు దగ్గుతాడు, అవ్వ దగ్గుతుంది. మా ఇంట్లో దగ్గు ఆగితేనే అనుమానం.

చెప్పకపోవడానికి ఇంకో భయం కూడా ఉంది. మా వాడలో కొండలెక్కడానికి బయల్దేరిన మొదటి ఆడపిల్లను నేనే. "ఆడివిల్లకు గుట్టలేంది? ఇంట్ల ఉంటెనే క్షేమం" అని కులపెద్దలంటే బాపు ఎదురు తిరిగాడు. "నా బిడ్డ పోతది. ఎవలాపుతరో జూస్త" అన్నాడు. నేను సగంలో దిగొస్తే నా తర్వాతి ఆడపిల్లల్ని గడప దాటనివ్వరు. దగ్గుతూనే ఎక్కాను.

మర్నాటికి కూర్చున్నా ఆయాసమే. ఛాతీలో గురగుర. కఫంలో ఎర్రటి జీర. బోథ్ నుంచి వచ్చిన మా కోచ్ మేడం నా వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసి బెదిరిపోయింది.

"జర ముందుగాల చెప్పద్దా పిల్లా! ఇగ దిగుడే."

"దిగితె మావోళ్లు ఇంకెవ్వల్ని పంపరు మేడం."

"నువ్వు సచ్చినంక పంపుతరా?"

ఆక్సిజన్ పెట్టి కింది ఆస్పత్రికి మోసుకొచ్చారు. ఎక్స్‌రే చూసిన డాక్టర్ "హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడిమా" అన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. మాస్క్ జరిగితే చాలు, బావిలో మునిగినట్టుండేది. నిద్రపోతే మళ్లీ లేవనేమోనని కళ్లు తెరిచే ఉంచేదాన్ని.

కరీంనగర్ చేరాక తగ్గిందనుకుంటే జ్వరం, ఇన్‌ఫెక్షన్. అక్కడి డాక్టర్ గొట్టంలోకి ఊదించి చూసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించి, "కొండ మీద చేరిన నీళ్లు పోయినయ్. ఇప్పుడున్నది నూలు దుమ్ము దగ్గు. సాంచెల కాడికి మాస్క్ లేకుంట పోవద్దు" అన్నాడు. ఇంట్లో ఉంటేనే క్షేమమన్న పెద్దలు గుర్తొచ్చి ఒళ్లు మండింది. నా ఊపిరి ముందుగా చెడింది ఆ ఇంట్లోనే.

కులపెద్దలు పలకరించడానికొచ్చి "ఇగ సాలు, పెండ్లి జెయ్యి" అన్నారు. బాపు నావైపు తిరిగాడు.

"మల్ల పోతవా బిడ్డా?"

భయం పోలేదు, అయినా తలూపాను.

"పో. గని దగ్గస్తె దిగు."

ఇప్పుడు ఆదివారాలు వాడ పిల్లలతో దగ్గర్లోని గుట్ట ఎక్కుతున్నాను. ఎవరు దగ్గినా అందరం ఆగుతాం. మీకూ అదే చెబుతున్నా: ఎత్తులో దగ్గొచ్చినా, ఆయాసమొచ్చినా దాచకండి. పక్కవాళ్లకు చెప్పి వెంటనే దిగండి.

నిన్న బాపు వంగిపోయి దగ్గుతుంటే వెళ్లి సాంచె బంద్ చేశాను.

"గిదేంది బిడ్డా?" అన్నాడు.

"దగ్గస్తె దిగుమన్నవ్ గద బాపూ. నడువ్, దవకానకు పోదాం."