బావగారి పరుపులు, నా ఉపన్యాసాలు

మొన్న ఒంగోలు బస్సులో పక్క సీటాయన నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "మీరు నిద్ర మాస్టారు కదండీ?" అన్నాడు. క్లాసులో కునికే మాస్టారినని ఆయన ఉద్దేశం కాదు, పాపం. పదేళ్ల కిందట నేను ఊరూరా తిరిగి నిద్ర గురించి ఉపన్యాసాలు చెప్పేవాణ్ణి. అవునని తలూపి కిటికీ వైపు తిరిగాను. ఆ పేరు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు నొప్పులొస్తాయి.

దర్శిలో మా అక్కా బావా దూది పరుపులు కుట్టించి అమ్మేవాళ్లు. చుట్టూ పత్తి పండే ఊళ్లే. ఆ పత్తి అమ్ముకున్న రైతులే ఆటో మీద ఫోమ్ పరుపు వేసుకుని పోవడం మొదలయ్యాక దుకాణం మూతపడేలా కనిపించింది. బావకు తెలిసిన పని అదొక్కటే. దూది చేత్తో పట్టుకుని అందులో తేమెంతో చెప్పగలడు గానీ, నలుగురి ముందు నిలబడితే నోరు పెగలదు. నేను కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి కనుక, "నువ్వు రెండు ముక్కలు చెబితే జనం వింటార్రా" అన్నాడు. అక్క మొహం చూసి ఒప్పుకున్నాను. ఆ రెండు ముక్కలు రెండేళ్లు సాగాయి. ఆదివారం వస్తే చాలు, ఆటో పైన పరుపు, లోపల మేమిద్దరం. స్కూలు వార్షికోత్సవాలు, వాకర్స్ క్లబ్బులు, ఒకసారి ఎవరిదో గృహప్రవేశం కూడా. దూది చల్లదనం గురించీ నడుం నొప్పి గురించీ చెబుతుంటే చప్పట్లు బాగానే పడేవి. శాలువాలూ కప్పేవారు. పరుపు మాత్రం మాతోనే తిరిగొచ్చేది. సోమవారం పొద్దున్నే మళ్లీ క్లాసు. నిద్ర గురించి చెప్పీ చెప్పీ నాకే నిద్ర కరువైంది. ఆ మాట బావతో ఎలా అనను?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పొదిలిలో రిటైరైన ఉద్యోగుల సంఘంవాళ్లు పిలిచి, గోంగూరతో భోజనం పెట్టి మరీ మైకిచ్చారు. ఉపన్యాసం మధ్యలో పరుపు మెత్తదనం చూపించడానికి దాని మీద కూర్చున్నాను. ఆపైన పడుకుని కూడా చూపించాను. "ఇలా నడుం వాలిస్తే" అన్నంత వరకే గుర్తు. మెలకువ వచ్చేసరికి నవ్వులు. "ఇదేందండీ, చెప్పేవాడే పడుకున్నాడు! లేపండి, లేపండి" అంటున్నారెవరో. సిగ్గుతో కళ్లు తెరవలేకపోయాను. అప్పుడు వినిపించింది బావ గొంతు, మైకు లేకుండా, వణుకుతూ.

"లేపమాకండయ్యా. పరుపు కొనకపోయినా పర్లేదు. మావాడు ఆదివారంపూట పడుకుని రెండేళ్లయింది. అంతా నా మూలానే. కాసేపు పడుకోనీండి."

ఎవరో ఫ్యాను నా వైపు తిప్పారు. నాకు ఏడుపొచ్చింది. అయినా కళ్లు మూసుకునే ఉన్నాను. నిద్ర నటించడం కూడా ఒక చాకిరీయే అని ఆ అరగంటలో తెలిసింది.

తిరుగుదారిలో బావ, "ఇంక చాల్లేరా" అన్నాడు. నేను కాదనలేదు. ఆ ఏడే దుకాణం మూసేశారు. బావ ఒక పత్తి మిల్లులో దూది చూసే పనికి కుదిరాడు. ఎన్ని ఊళ్లలో ఎన్నెన్ని చెప్పానో, కాలం వాటన్నిటినీ దులిపేసింది. బావ జన్మలో చేసిన ఆ ఒక్క ఉపన్యాసం మాత్రం పొల్లు పోకుండా నా దగ్గరే ఉంది.