ట్రాక్ పాడే డోరా

మల్కాజ్‌గిరి డోరా పాట విన్నామని 1991కి ముందు ఎవరైనా చెప్పుకుంటే అది పచ్చి అబద్ధం. పద్నాలుగేళ్లపాటు ఆమె పాడిన పాటలన్నీ చెరిపేశారు మరి.

ట్రాక్ పాడటం అంటారు దాన్ని. మద్రాసు నుంచి పేరున్న గాయని పొద్దుటి విమానంలో బేగంపేటలో దిగుతుంది, సాయంత్రం విమానానికి వెళ్లిపోతుంది. ఆ మధ్యలో పది క్రైస్తవ గీతాలు పాడేయాలి. కూర్చుని నేర్చుకునే తీరిక ఆవిడకెక్కడిది? అందుకని ముందే ఇంకెవరో పాటంతా పాడి టేపు మీద పెడతారు. పెద్దావిడ అది విని, ఎక్కడ విరవాలో ఎక్కడ సాగదీయాలో పట్టుకుని, ఆ గొంతు ఉన్న చోటనే తన గొంతు ఎక్కిస్తుంది. ముందు పాడినావిడ గొంతు చెరిగిపోతుంది. కవరు మీద పెద్దావిడ బొమ్మ. సొమ్మొకడిది, సోకొకడిది.

డోరాది గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వారమంతా ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక బడిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఆదివారం ఆరాధన కాగానే సికింద్రాబాద్‌లో జీవధార ఆడియో వాళ్ల మేడ మెట్లెక్కి ట్రాక్ పాడేది. ఒక క్రిస్మస్‌కి చర్చిలో అలాంటి పాటే మైకులో వేశారు. పక్కన కూర్చున్న కాంతమణమ్మ మురిసిపోతూ, "ఎంత బాగా విరిచిందో చూశావా డోరా! ఎంత సాధన చేస్తే వస్తుందమ్మా అది," అంది. ఆ విరుపు డోరాది. అందరి ముందూ లేచి చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెప్పనందుకు నెలరోజులు తనమీద తనకే ఒళ్లు మండింది.

ఆ మంటకు దారి చూపించినవాడు వలీ. జీవధార వాళ్ల మేడ కింద టేపు రికార్డర్లు బాగుచేసే దుకాణం అతనిది. సాయంత్రాలు బేగంపేటలో ఒక హోటల్లో, జనం బిర్యానీ తింటుంటే బేస్ గిటార్ వాయించేవాడు. ఏళ్ల తరబడి వాయించినా ప్లేటులోంచి తలెత్తి చూసినవాళ్లు లేరు. ఒకరోజు డోరాను పిలిచి, ఎవరో లండన్ నుంచి తెచ్చుకున్న క్యాసెట్ పెట్టాడు.

"జెర గిది విను అక్కా. పోస్ట్-పంక్ అంటరంట. తియ్యగ పాడాల్సిన పనే లేదు."

డోరా విన్నది. అందులో ఆడమనిషి పాడుతున్నట్టే లేదు, కొళాయి దగ్గర తగువులాడుతున్నట్టుంది. వెనక బేస్ ఒకే ముక్కను పట్టుకుని వదలకుండా సాధిస్తోంది. డోరా క్యాసెట్ రెండో వైపు తిప్పమంది. అది కూడా అయ్యాక, "మనం చేద్దామా?" అని అడిగింది.

ఇద్దరే. వలీకి బేస్, గిటార్. డోరాకు గొంతు, మాటలు. తాళానికి చర్చివాళ్లు వద్దని పక్కన పడేసిన కీబోర్డు. అందులో ఒక్క మార్చింగ్ దరువు తప్ప ఇంకేమీ మోగేది కాదు, వాళ్లకదే చాలింది. జట్టుకు చెవిపోటు అని పేరు పెట్టుకున్నారు. బడి వదిలాక దుకాణం షట్టరు సగం దించి పది నెలలు సాధన చేశారు. ఎనిమిది పాటలు. మల్కాజ్‌గిరి బస్సులో ఆడవాళ్ల వీపు మీద పాకే చేతుల గురించి ఒకటి. కవరు మీద పేరు లేని మనుషుల గురించి ఒకటి. మొదటి పాట పేరు, క్యాసెట్ పేరు కూడా, నోరు ముయ్యను.

జీవధార యజమాని ప్రభుదాస్ మంచివాడు. మంచివాళ్లతోనే వస్తుంది తంటా అంతా. "నువ్వడిగితే కాదంటానా డోరమ్మా! ఐదొందల కాపీలు వేద్దాం," అన్నాడు. ఏం పాటలని మాత్రం అడగలేదు. సభలకని విశాఖపట్నం వెళ్లిపోయాడు. స్టూడియోలో మిషను చూసే నోవహు చెవుల్లో దూది పెట్టుకుని మూడు మధ్యాహ్నాల్లో రికార్డింగ్ ముగించాడు. వాళ్ల టేపు మీద, ఒక్కో గొంతుకో వాయిద్యానికో ఒక్కోటి చొప్పున, నాలుగే గీతలుండేవి. ఒకదాంట్లో దరువు, ఒకదాంట్లో బేస్, ఒకదాంట్లో గిటార్, నాలుగోదాంట్లో డోరా.

మూడు వారాలకు నమూనా క్యాసెట్ వలీ దుకాణానికి వచ్చింది. డోరా బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. మీట నొక్కారు. దరువు షురూ అయింది, వలీ బేస్ పడింది. ఆ తర్వాత తేనెలో ముంచి తీసిన గొంతు ఒకటి, బోలెడంత ఎకోతో, ఉయ్యాల ఊపుతున్నట్టు అందుకుంది. "నోరు... ముయ్యనూ..."

క్యాసెట్ మారిందేమోనని డోరా కవరు తిప్పి చూసింది. మారలేదు. వలీ వాయించిన తప్పులతో సహా అన్నీ ఉన్నాయి. ఆమె ఒక్కతే లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పోయింది, వెనకే వలీ.

"నా గొంతేది?"

ప్రభుదాస్ నవ్వుముఖంతో లేచాడు. "కూర్చోమ్మా. నేను ఊళ్లో లేకపోయేసరికి మీరు ట్రాక్ పెట్టి వదిలేశారు. పోనీలే పాపమని మంచి గొంతు పెట్టించాను. దేవకృప అని, నర్సు అమ్మాయి. బాగా పాడింది కదూ?"

"అది ట్రాక్ కాదు. అదే పాట."

"అదేంటమ్మా? తిట్టినట్టుందే!"

"తిట్టడానికే పాడినం." ఇంట్లో గుంటూరు మాట మాట్లాడే డోరా కోపం వస్తే సికింద్రాబాద్ మనిషైపోయేది. నోవహు వైపు తిరిగింది. "నువ్వున్నవ్ గద ఆడ. నువ్వన్న చెప్పలేదా?"

నోవహు తల దించుకున్నాడు. "చెప్పానండీ. డోరమ్మ పాడితే ట్రాకే కదరా, ఇంకేముంటుంది అన్నారు సారు."

"మరి నాది ఏడుంది ఇప్పుడు?"

"చెరిగిపోయిందండీ. దాని మీదే పాడించాం."

డోరా బల్ల మీద చరిచిన చరుపుకి ఖాళీ క్యాసెట్ డబ్బాలు కింద పడ్డాయి. "పద్నాలుగేండ్లు మీ పాటలకు చెరిపిన్రు. సరే అన్న. ఇది నాది. దీన్ని సుత చెరిపిన్రు. మీకేం తక్లీఫ్ లేదు, మంచి పని చేసినమని నవ్వుతున్నరు!"

ప్రభుదాస్ ముఖం పాలిపోయింది. కాపీలు ఇంకా వేయలేదన్నాడు. ఆదివారం వచ్చి మళ్లీ పాడమన్నాడు, తనే వచ్చి కూర్చుంటానన్నాడు.

ఆదివారం డోరా, వలీ వెళ్లేసరికి స్టూడియోలో తెల్ల చీరలో ఒకమ్మాయి కూర్చుని ఉంది. డ్యూటీ దిగి అటునుంచే వచ్చింది. తన పాట వినడానికి రమ్మని ప్రభుదాస్ ఎప్పుడో చెప్పి, వద్దని చెప్పడం మరిచిపోయాడు.

"మీరేనా డోరక్క? నేను దేవకృపనండీ," అంటూ లేచి చేతులు పట్టుకుంది. "నాకిదే మొదటి క్యాసెట్. మీ ట్రాక్ వారం రోజులు విన్నాను. మీ కోపం నాకు రాలేదు, నాకొచ్చినట్టు పాడాను. ఎలా ఉందక్కా?"

ఆ అమ్మాయి ఎప్పుడు కనిపించినా నాలుగు అరుద్దామనే అనుకుంది డోరా. తీరా చూస్తే ఆమెకు ఏమీ తెలియదు. ప్రభుదాస్ వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. చెప్పాల్సింది కూడా తనేనని డోరాకు అర్థమై ఇంకా మండింది.

"అది ట్రాక్ కాదమ్మా. నా పాట. మళ్లీ పాడనీకె వచ్చిన."

దేవకృప చేతులు వదిలేసింది. "మరి నాది?"

టేపు మీద గీతలు నాలుగే. వలీ గొంతు సవరించుకున్నాడు. "పరేషాన్ గాకుండ్రి. నా గిటార్ తీసెయ్యి అక్కా. పాప గొంతు ఉండనీ."

"నీదెందుకు తియ్యాలె? నా గొంతు చెరిపిననాడు ఎవడన్న తనది తియ్యమన్నడా?" అని డోరా కసిరింది. తాను చేయబోయే పని ఎలాంటిదో ఆమెకు బాగా తెలుసు. తెలిసీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఈ పాట వదిలేస్తే తన గొంతు లోకంలో ఎక్కడా ఉండదు.

నోవహు మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. దరువు మొదలయ్యేలోపు ఉన్న కాస్త ఖాళీలో డోరా మైకు దగ్గరికి జరిగింది.

"నాకంటె ముందు ఈ పాటలన్నీ దేవకృప పాడింది. మంచిగ పాడింది. ఆమె గొంతు చెరిపి నేను పాడుతున్న."

అద్దం అవతల ప్రభుదాస్ వద్దు వద్దని చేతులు ఊపాడు. డోరా ఆపలేదు. బస్సులో చేతుల మీద, కవర్ల మీద, ప్రభుదాస్ మంచితనం మీద, తన మీద ఉన్న కోపమంతా ఎనిమిది పాటల్లో కక్కింది. బయటికి వచ్చేసరికి దేవకృప వెళ్లిపోయింది.

ఆ ముందుమాట కత్తిరిద్దామని ప్రభుదాస్ వారం బతిమాలాడు. కత్తిరిస్తే కవరు మీద చెవిపోటు పేరు కూడా కత్తిరించుకోమంది డోరా. ఐదొందల క్యాసెట్లూ ఆ మాటతోనే వచ్చాయి. సగం అమ్ముడుపోయాయి.

డోరా ఒక కాపీ దేవకృపకు నోవహుతో పంపించింది. నోవహు దాన్ని తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు. గడపలోకి కూడా రానివ్వలేదట.

"మంచి పని చేసింది," అంది డోరా. "నేనైనా అట్లనే చేస్తుంటి."