బోర్డు వెనక మనిషి

సాఫ్ట్‌వేర్ జీతంతో ల్యాప్‌టాప్ కొన్న కొత్తలో, చిన్నప్పుడు టీవీలో వచ్చిన అంతరిక్ష సీరియల్‌ని రోజుకో ఎపిసోడ్ చొప్పున మళ్లీ చూశాను, వెక్కిరించడానికే. సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో పదకొండోది నడుస్తోంది.

"అట్టపెట్టెకి పెళ్లిపందిరి లైట్లు తగిలించి వ్యోమనౌక అంటున్నారండీ!" అన్నాను, పక్కన కూర్చుని చూస్తున్న పెద్దాయనతో.

ఆయన నవ్వలేదు. తెరమీద బల్బులు వెలిగే వరసలోనే మోకాలిమీద వేళ్లు ఆడిస్తున్నాడు.

"గవి వాటంతటవే వెలుగుతలేవు బిడ్డా. బోర్డెనక ఒకడు కూసోని స్విచ్చులు కొడుతున్నడు. ఎగ్జిబిషన్ల మా ఫ్యాక్టరీ స్టాల్ పెడితే నేను సుత గదే పని చేసిన. జెర చూడు, ఒక్కసారన్న తప్పిండా?"

ఇప్పుడా సీరియల్ పెడితే కెప్టెన్‌ని చూడను. ఎక్కడ తప్పుతాడా అని బల్బుల్నే చూస్తాను.

ఇంతవరకూ దొరకలేదు, వెధవ.