వదిన ఎత్తుకు తెర

నేను చెప్పే మాటల్లో సగం కోసేసి మిగతా సగాన్ని కూడా అనుమానంగా చూడటం మా ఇంట్లో అందరికీ అలవాటు. తప్పు వాళ్లది కాదు. మేడ్చల్‌లో ప్రొజెక్టర్ కిరాయికి తిప్పే రోజుల్లో, గండిమైసమ్మ చౌరస్తా దగ్గర నా తెర మీద వాన కురిస్తే ముందు వరసలో కూర్చున్నవాళ్లంతా గొడుగులు తెరిచారని పదిమందికీ చెప్పుకుని తిరిగాను. నిజానికి గొడుగు తెరిచింది ఒక్క ముసలాయన. అది కూడా సినిమాలోని వానకు కాదు, మంచు పడుతోందని. ఇలాంటి పేరు సంపాదించుకున్నవాణ్ని కాబట్టే, మా వదిన ఎంత ఎత్తుండేదన్న మాట వచ్చినప్పుడు నా సాక్ష్యం ఎవరికీ పనికిరాలేదు.

మా అన్న అలియాబాద్‌లో దర్జీ. వదిన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. షామీర్‌పేటలో ఎవరికో సామాను దింపి, వచ్చేదారిలో, ఇంటి ముందు గదిలోనే ఉన్న అన్న దుకాణం దగ్గర ఆగాను. ఆయన మిషన్ మీద లేడు. గడపలో నిలబడి, అరచేతిని తన భుజం పక్కన గాలిలో పెట్టి చూసుకుంటున్నాడు. కాస్త కిందికి దించాడు, మళ్లీ కొంచెం పైకి లేపాడు. ఏ గిరాకీ కొలతో గుర్తు చేసుకుంటున్నాడని అనుకున్నాను.

"మీ వొదినె నాకు గీడిదాంక వచ్చేది గదా తమ్మీ?" అన్నాడు భుజం చూపిస్తూ.

ఇంకా ఎత్తు అన్నాను. చెవి దాటి ఉండేదన్నాను. ఆయన నా మొహం చూసి నవ్వాడు. పిల్లిని చూపించి పులి అనేవాడివి, నీ మాట మీద కొలత వేస్తే రవిక గౌను అవుతుందన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ పూట మాత్రం నేను అబద్ధం చెప్పలేదు. మా అమ్మ పోయాక నన్ను సాకింది వదినే. ఆమె ఆ ఇంటికి వచ్చేసరికి నేను ఆమె కొంగు పట్టుకుని నడిచేంత ఉండేవాణ్ని. అటక మీది బెల్లం డబ్బా ఆమె ఒక్కతే అందుకునేది. ఆ ఎత్తే నా కళ్లలో ఉండిపోయింది.

నవ్వు ఆగాక అన్న గడప మీద కూర్చున్నాడు.

"ముఖం యాదికొస్తాంది. గొంతు యాదికొస్తాంది. పక్కన నిలవెట్టుకుందామంటే ఎత్తే దొరుకుతలేదు. గిట్లనే ఒక్కొక్కటి పోతదా?"

నేను తలెత్తి గోడ వైపు చూశాను.

వదినది గోడ మీద ఒక్క ఫొటో ఉంది. రేషన్ కార్డు కోసం తీయించినది. పోయాక దాన్నే పెద్దది చేయించి దండ వేశారు. అందులో ఆమె మెడ వరకే ఉంది. నిలువెత్తుగా ఆమె ఉన్నది ఒకే ఒక్క చోట, నా పెళ్లి క్యాసెట్‌లో. పెళ్లికూతుర్ని తీసుకుని మా కారు రాకముందే వీడియో అబ్బాయి ఇంటికి వచ్చేశాడు. హారతి పళ్లెం పట్టుకుని దర్వాజ పక్కన మా కోసం ఎదురుచూస్తున్న వదినను కొంచెంసేపు తీశాడు. కర్పూరం మరిచిపోయినట్టుంది, ఆమె పళ్లెంలోకి చూసుకుని, తిరిగి లోపలికి వెళ్తుంది. అంతే. తర్వాత క్యాసెట్ అంతా నేనే, అత్తరు పూసుకుని, మూడు గంటలపాటు.

ఆ ఇల్లు మారలేదు, ఆ దర్వాజ మారలేదు. అది తట్టగానే అన్నకు చెప్పాను. దర్వాజ టీవీలో ఎంతుందో, నిజంగా ఎంతుందో కొలిస్తే వదిన ఎత్తు అదే తేలుతుందని. ఆయన నేను పూర్తి చేయకముందే మెడలో టేపు తీశాడు.

టీవీ ఇరవయ్యొకటి అని అట్టపెట్టె మీద రాసి అమ్మినా, అద్దంలో బొమ్మ కనబడేది మూల నుంచి మూలకు ఇరవై అంగుళాలే. క్యాసెట్ ఆపి, అద్దం మీద టేపు పెట్టి కొలిచాం. బొమ్మ వెడల్పు పదహారు, ఎత్తు పన్నెండు. దర్వాజ పది అంగుళాలు. వదిన ఎనిమిది. బయటికి వెళ్లి అసలు దర్వాజను కొలిస్తే డెబ్భై అయిదు అంగుళాలు. అంటే టీవీలో ఒక్క అంగుళానికి ఇంటి దగ్గర ఏడున్నర. ఎనిమిదిని ఏడున్నరతో హెచ్చిస్తే అరవై. నికరంగా అయిదడుగులు.

తేలిపోయింది అన్నాను. అన్న గోడ మీద అయిదడుగుల దగ్గర సుద్దతో గీత గీసి, దాని పక్కన నిలబడ్డాడు. గీతను చూశాడు. చేత్తో చెరిపేశాడు.

"గీత పక్కన నిలవడితే ఆమె పక్కన నిలవడ్డట్టయితదా? నీ కాడ బొమ్మ మిషిని ఉన్నది గదా. నిలువెత్తు జేయి. ఒక్కసారి నిలవడి జూస్త."

అప్పుడు మళ్లీ లెక్కలో పడ్డాం. దర్వాజ డెబ్భై అయిదు అంగుళాలు పడాలంటే బొమ్మ ఎత్తు పన్నెండుకు ఏడున్నర, అంటే తొంభై అంగుళాలు కావాలి. వెడల్పు పదహారుకు ఏడున్నర, నూటఇరవై. తెరల వ్యాపారంలో ఎవరూ వెడల్పు, ఎత్తు అని అడగరు. మూల నుంచి మూలకు ఎంత అని అడుగుతారు, ఆ ఒక్క అంకెతోనే పని జరిగిపోతుంది. అది కనుక్కోవడం నాకు కష్టం కాలేదు. నాగారంలో కాలనీలు లేస్తున్నప్పుడు మేస్త్రీలు పునాది మూల సరిగ్గా ఉందో లేదో చూడటానికి దారం మీద మూడు, నాలుగు, అయిదు పెట్టడం చూసినవాణ్ని. పాత టీవీ బొమ్మ కూడా అంతే. ఎత్తు మూడు పాళ్లయితే వెడల్పు నాలుగు, మూల అయిదు. మూడు పాళ్లు తొంభై కాబట్టి ఒక్కో పాలు ముప్ఫై. మూల నూటయాభై.

దర్జీకి మూల అంటే క్రాసు. "నూటయాభై క్రాసు" అని అన్న రెండుసార్లు అనుకున్నాడు. నా దగ్గర నూటయాభై తెర ఉతికి మడత పెట్టి రెడీగా ఉంది. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. వదిన ఏడాది రోజున, వచ్చిన బంధువులందరి ముందూ వేద్దామని అనుకున్నాం.

ఆ తెర కొత్త రకానిది. అప్పటికి జనం వెడల్పు బొమ్మ కావాలంటున్నారు, పదహారుకు తొమ్మిది పాళ్లది. పెళ్లిళ్లలో పాత క్యాసెట్ వేసినా, తెర మీద పక్కల నల్లగా ఖాళీ మిగిలితే ఒప్పుకునేవాళ్లు కాదు. అందుకని బొమ్మను లాగి తెర అంచుల దాకా నింపేవాళ్లం. మేడ్చల్‌లో ఎవరూ ఎదురు చెప్పలేదు. బక్కవాళ్లు పుష్టిగా కనబడేవాళ్లు, పుష్టిగా ఉన్నవాళ్లు జమీందార్లలా కనబడేవాళ్లు. నూటయాభై ఎక్కడైనా నూటయాభయ్యే కదా అని నేను అనుకున్నాను, అన్న అనుకున్నాడు, ఈ పనిలో ఉన్నవాళ్లంతా అలాగే అనుకునేవాళ్లు.

పొద్దు గూకాక ఇంటి ముందు షామియానా కింద తెర కట్టాం. భోజనాలు చేసి లేచినవాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. వదిన వచ్చింది.

తెర మీద వదిన పొట్టిగా, వెడల్పుగా నిలబడింది. మేనత్త ఒకావిడ కళ్లు తుడుచుకుని, ఎంత నిండుగా ఉండేది నా తల్లి అంది. పక్కనున్నవాళ్లు అవునన్నారు. గుండ్రని ముఖం అన్నారు. పొట్టిదైనా లక్ష్మీకళ అన్నారు. ఒకరి మాట మీద ఒకరు పేర్చుకుంటూ పోయారు. అన్న లేచి తెర పక్కన నిలబడ్డాడు. వదిన ఆయన గుండెల దాకే వచ్చింది.

నేను బాగా భయపడింది అప్పుడే. ఆయన ముఖంలో అనుమానం కాదు, నమ్మకం కనబడింది. తనకే గుర్తు లేదేమో, ఆమె ఇంతే ఉండేదేమో అన్నట్టు తల ఊపుతున్నాడు. ఇంకొంచెంసేపు ఉంటే ఆ పొట్టి మనిషే ఆయనకు మిగిలిపోయేది.

అలవాటుగా ఆయన చెయ్యి మెడ మీదికి వెళ్లింది. టేపు తీసి తెర మీద వదిన భుజాల నడుమ పెట్టాడు. తర్వాత మెడ నుంచి రవిక అంచు దాకా పెట్టాడు. మళ్లీ భుజం కొలిచాడు.

"భుజం పదమూడున్నర ఉండాలె. పదిహేనుకు దగ్గరొచ్చింది. పొడువేమో తగ్గింది. గిసొంటి జాకిట్ నేనెన్నడు కుట్టలే." టేపు చుట్టుకున్నాడు. "బంద్ జేయి తమ్మీ. గీమె ఎవరో."

లోపలికి వెళ్లిపోయాడు. మేనత్త నన్ను చూసి, చచ్చినదాన్ని కూడా వదలవా నీ పరాచికాలు అంది. ఇంకెప్పుడైనా అయితే రెండు మాటలు తిరిగి అనేవాణ్ని. తెర విప్పడం మొదలుపెట్టాను.

విప్పి నేల మీద పరిచినప్పుడు దాన్ని కొలిచాను. మూల నుంచి మూలకు నూటయాభై ఉంది, అందులో లోపం లేదు. వెడల్పు నూటముప్ఫై దాటింది. ఎత్తు డెబ్భైమూడున్నర. కావాల్సినదాని కంటే పదహారున్నర అంగుళాలు తక్కువ. క్రాసు ఒకటే అయినా, పాళ్లు మారితే గుడ్డ ఎత్తులో తగ్గి వెడల్పులో పెరుగుతుంది. వెడల్పుకు సాగి, ఎత్తుకు కుంగి, వదిన నాలుగడుగుల మనిషి అయింది.

ఈ మాట అన్నకు చెప్పడానికి వెళితే ఆయన మిషన్ ఆపలేదు. నేను నేల మీద సుద్దతో రెండు డబ్బాలు గీశాను. ఒకే పొడవున్న దారాన్ని రెండింటిలోనూ మూల నుంచి మూలకు పెట్టి చూపించాను. ఒకటి కాస్త ఎత్తుగా, ఒకటి బారుగా. మిషన్ ఆపి, దారం తానే తీసుకుని రెండింటిలోనూ పెట్టి చూశాడు. తర్వాత లేచి, లోపల దాచుకున్న తెల్ల లాంగ్‌క్లాత్ గుడ్డ తాను బయటికి తీశాడు.

తెర ఆయనే కుట్టాడు. ఎత్తు తొంభై, వెడల్పు నూటఇరవై. గుడ్డ పన్నా, అంటే వెడల్పు, అంత లేదు కాబట్టి అతుకు తప్పదు. ఆ అతుకు ఎక్కడ పడాలో చూసుకోవడానికి మళ్లీ టీవీ ముందు కూర్చున్నాడు. ముఖం మీద పడకూడదు, చేతిలో పళ్లెం మీద పడకూడదు. వెడల్పు ముక్క పైకి, సన్నముక్క కిందికి వేసి, అతుకు చీర కుచ్చిళ్లలో కలిసిపోయేట్టు పెట్టాడు. తన కూతురి పెళ్లిచీర అంచు కుట్టినప్పుడు కూడా ఆయన అంత మెల్లగా మిషన్ తొక్కలేదు.

ఈసారి ఎవరినీ పిలవలేదు. ఆషాఢం కావడంతో మేడ్చల్ రోడ్డులో నాకు తెలిసినవాళ్ల ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంది. మధ్యాహ్నం వెళ్లి తలుపులు మూసి, కిటికీలకు కార్పెట్లు కట్టాం. తెర నేలకు తగిలేలా దించాం. బొమ్మలో వదిన కాళ్ల కింద కొంత నేల ఉంటుంది కదా, ఆమెతో సమానంగా ఉండటానికి అన్న కోసం ఒక సిమెంటు ఇటుక వేశాను. బొమ్మలో దర్వాజ మీద టేపు పెట్టి, డెబ్భై అయిదు వచ్చేదాకా ప్రొజెక్టర్‌ను వెనక్కీ ముందుకీ జరిపాను. భుజం ఆయనే కొలిచాడు. పదమూడున్నర.

వదిన నిలబడగానే బొమ్మ ఆపాను. అన్న చెప్పులు విడిచి ఇటుక ఎక్కాడు. దర్వాజ వెలుగు ఆయన తెల్ల చొక్కా మీద పడింది. మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

ఆమె ఆయన చెవి తమ్మె దాకా వచ్చింది.

లెక్క తప్పిందేమో అన్నాడు. మళ్లీ కొలిచాను, తప్పలేదు. ఆయన చేతిని భుజం దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు, అక్కణ్నుంచి చెవి దాకా జరిపాడు. జానెడు తేడా.

"నేను మిషిని మీద, ఆమె కింద గూసుండి కాజాలు కుట్టేది," అన్నాడు, ఆమె వైపే చూస్తూ. "బజారుకు పోతే ఎనక నడిచేది. గిట్ల పక్కపొంటి నిలవడ్డదెప్పుడు తమ్మీ? మీదికెల్లి చూసుడే గాని, నేను సక్కగ చూసిందే లేదు."

నేను ప్రొజెక్టర్ వెనకాల చీకట్లో ఉన్నాను. నా కళ్లకు ఆమె ఇప్పుడు చిన్నదిగా కనబడుతోంది. నేను కొంగు పట్టుకుని నడిచిన మనిషి ఇంతేనా అని ఉంది. అది ఆయనతో అనలేదు.

క్యాసెట్‌ను ఎక్కువసేపు ఆపి ఉంచితే రీలు అరుగుతుంది. బొమ్మ అప్పటికే వణకడం మొదలుపెట్టింది. నడిపించనా అని అడిగాను.

"నడిపియ్. ఇగ ఆపకు," అన్నాడు.

వదిన పళ్లెంలోకి చూసుకుంది. కర్పూరం లేదు. దర్వాజ వైపు తిరిగింది. అన్న నిలబడింది సరిగ్గా దర్వాజకు అడ్డంగా. ఆమె అడుగు ముందుకు వేయగానే ఆయన గబుక్కున ఇటుక దిగి, పక్కకు ఒత్తిగిలి, ఆమెకు దారి ఇచ్చాడు. ఆమె లోపలికి వెళ్లింది.