నాయనమ్మ రాసిన అక్టోబరు

జిప్పు లాగగానే పాత రెగ్జిన్ వాసన వచ్చింది. నాయనమ్మ బైబిలు. ముందున్న ఖాళీ పేజీలో మనవల పుట్టినరోజులన్నీ ఆమె రాసుకుంది.

తొంభైల్లో నాన్న ఢిల్లీ కంటోన్మెంట్‌లో హవల్దారు. స్కూల్లో చేరాలంటే సెప్టెంబరు ముప్పైలోపు ఐదేళ్లు నిండాలి. నాకు నాలుగు రోజులు తక్కువయ్యాయి. "సెప్టెంబరని చెప్పమ్మా, మర్చిపోకు," అని నాన్న దారంతా నూరిపోశాడు. కానీ ఇంట్లో నాయనమ్మ ఎప్పుడూ నా పేరు మీద వేలుపెట్టి అక్టోబరని చూపించేది. "ఈ పుస్తకంలో ఒక్క పొల్లు కూడా అబద్ధం కాదే," అనేది. ఆమె చేతిరాత కూడా దేవుడి మాటే అనుకున్నాను.

"బేటా, బర్త్‌డే కబ్ హై?" అని నా పుట్టినరోజు అడిగింది ప్రిన్సిపల్ మేడమ్.

భుజం మీద నాన్న చెయ్యి బిగుసుకుంది. నేను మాత్రం బైబిల్లో రాసి ఉన్నదే చెప్పాను.

"బైబిల్ మే అక్టోబర్ లిఖా హై, మేడమ్."

ఆవిడ ఫారం వెనక్కి తోసేసింది. ఇల్లు చేరేదాకా నాన్న నా మొహం చూడలేదు. ఆ ఏడాదంతా ఇంట్లోనే ఉన్నాను, నిజం చెప్పానన్న గర్వంతో.

ఇవాళ ఆ పేజీ తీరిగ్గా చదివాను. ఏడుగురి పుట్టినరోజులూ ఒకే సిరాతో ఉన్నాయి. అందరూ పుట్టాక, గుర్తున్నంతవరకు ఒక్కసారే కూర్చుని రాసిందన్నమాట. నా అక్టోబరు పక్కన, అప్పటికి నాకు చదవడం రాని అక్షరాల్లో, సన్నగా ఇంకో మాట ఉంది: కాబోలు.