నిజాయితీకి ఇచ్చిన కప్పు

మలయాకి మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, వచ్చిన మర్నాటి నుంచీ మా రబ్బరు ఎస్టేటులో పిరికివాళ్లనేవాళ్లు మిగల్లేదు. అందరూ వీరులే. నాకైతే ఎస్టేటు దొర వెండిపూత కప్పు కూడా ఇచ్చాడు, నిజాయితీకి.

అంతకుముందు, అడవిలోని కమ్యూనిస్టుల మీద తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో నా ఉద్యోగం గేటు దగ్గర ఆడవాళ్లని తడమడం. అడవిలో దాక్కున్నవాళ్లకి తిండి చేరకూడదని, రబ్బరు పాలు గీయడానికి వెళ్లేవాళ్లు గింజ బియ్యం కూడా బయటికి తీసుకెళ్లకూడదన్నారు. దొరికితే జైలు. ఎదురు కూలీ లైను ఇళ్లలో ఉండే తమిళ పిల్ల రోజూ నడుము దగ్గర గుప్పెడు బియ్యం మూటకట్టుకొచ్చేది. ఎవరికని నేను అడగలేదు, తను చెప్పలేదు. అక్కడికొచ్చేసరికి నా చేతికి గుడ్డితనం వచ్చేది. "అక్కా" అని నవ్వి వెళ్లిపోయేది.

ఒక పొద్దున పోలీసు దొర నా వెనకే నిలబడ్డాడు. ఆయన మాట గుమాస్తా తెలుగులో అప్పజెప్పాడు.

"నెల్లాళ్లుగా ఒక్కరూ దొరకలేదంట. ఇయాల కూడా దొరక్కపోతే నిన్నే లారీ ఎక్కించేత్తారంట."

ఇంట్లో నాకిద్దరు పసిపిల్లలు. వరసలో మొదట మా అత్త. అత్త కొప్పులో చెయ్యి పెట్టే భాగ్యం ఏ కోడలికి దక్కుతుంది? నాకు దక్కింది. కొప్పు నిండా బియ్యం. పెళ్లయిన ఆరేళ్లలో ఆవిడ మొదటిసారి నా వంక మర్యాదగా చూసింది.

"ఏటీ లేదు," అన్నాను.

తర్వాత ఆ పిల్ల. మూట లాగి దొర చేతిలో పెట్టాను. "అక్కా," అంది, అంతే. లారీ ఎక్కించారు. మళ్లీ రాలేదు. లైనంతా నన్ను ఓదార్చింది, ఎవరో ఒకరు దొరకాలి కదా, అని. అంత తొందరగా ఓదార్పు దొరికినందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

కప్పు ఇచ్చిన రోజు అత్త ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చి అడ్డచుట్ట వెలిగించి అడిగింది.

"ఆ పిల్ల కాడ ఎన్ని దొరికినాయే?"

"గుప్పెడు."

"నా కొప్పులో రెండు గుప్పెళ్లు."

"ఎవులికి తీసుకెల్లినావు?"

పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. అయినా ఎవరో ఆకలిగొన్నవాడి పేరు చెబుతుందేమోనని ఆశపడ్డాను.

"గేటవతల కొట్టోడికిచ్చి సుట్టలు తెచ్చుకునేదాన్ని," అంది పొగ వదులుతూ.

ఆ కప్పు పారెయ్యలేదు. సొట్టపోయింది, పూత పోయింది. ఇప్పటికీ దానితోనే బియ్యం కొలిచి ఎసట్లో పోస్తాను. కప్పుకి మూడు గుప్పెళ్లు పడతాయి. అత్తవి రెండు, ఆ పిల్లది ఒకటి.