ఆమె బిగించిన పట్టీలు

నాకు ఈత రాదు. మాది పెన్‌పహాడ్ దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు మా వాళ్ళంతా వ్యవసాయ బావుల్లో దూకుతుంటే నేను గట్టు మీద బట్టలకు కాపలా కూర్చునేవాణ్ణి. నా భార్యది కోదాడ. సాగర్ కాలువలో నడుముకు బెండ్లు కట్టి వాళ్ళ నాన్న ఈత నేర్పాడట. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి చెబితే నేను నమ్మలేదు. మరుసటి ఆదివారమే కాలువ దగ్గరికి తీసుకెళ్ళి, చుడీదార్‌తోనే దిగి, అవతలి ఒడ్డు తాకి వచ్చింది. నేను ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ఇవతలే నిలబడ్డాను.

ఆమె గరిడేపల్లి వైపు ఒక బడిలో సైన్స్ చెప్పేది. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బాయిలర్ చూస్తాను. మాకు పిల్లలు లేరు. ఇద్దరం పొద్దున్నే చెరో దిక్కు వెళ్ళి, చీకటి పడేసరికి కిరాయి ఇంటికి చేరేవాళ్ళం. ఒకరోజు ఆమె టీ కూడా పెట్టుకోకుండా కూర్చుంది. ఏమైందని అడిగాను. ఆ రోజు పగడపు దిబ్బల పాఠం చెప్పిందట. వెనక బెంచీలోని పిల్ల లేచి, “టీచర్, మీరెప్పుడన్న సూసిన్రా?” అని అడిగిందట. లేదని చెప్పాల్సి వచ్చిందట. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ రోజు నుంచి ఫోన్‌లో అవే వీడియోలు. నీళ్ళ అడుగున ఊపిరి తీసుకుంటూ తిరిగేవాళ్ళు, వాళ్ళ వీపున సిలిండర్లు, కాళ్ళకు పొడుగాటి రబ్బరు రెక్కలు. ఏది ముందు తొడుక్కోవాలి, ఏ పట్టీ ఎంత బిగించాలి, అన్నీ నేర్చేసుకుంది. విశాఖపట్నంలో నేర్పిస్తారని తెలుసుకుని ఎండాకాలం సెలవుల్లో వెళ్దామంది. నువ్వు దిగు, నేను ఒడ్డున ఉంటానన్నాను. అదెలాగూ మనకు అలవాటే కదా అని నవ్వింది.

సెలవులు రాకముందే దగ్గు వచ్చింది. బడి మెట్లెక్కితే ఆయాసం. సూర్యాపేటలో దవాఖానకు పోతే మందులిచ్చారు, తగ్గలేదు. హైదరాబాద్ పొమ్మన్నారు. అక్కడి డాక్టర్ ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించాడు. ఊపిరితిత్తులు మచ్చలుబడి గట్టిపడిపోతున్నాయనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నది త్వరగా పోకుండా చూడగలమనీ చెప్పాడు. ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న, నీళ్ళలోకి దిగొచ్చా అని. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఇక మెట్లెక్కడం కూడా కష్టమవుతుందమ్మా అన్నాడు.

ఆ రోజు అక్కడి నుంచే కోదాడలో వాళ్ళ అమ్మ దగ్గరికి బయలుదేరాం. దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది. బస్సు సూర్యాపేట స్టాండ్‌లో ఆగినప్పుడు నా వైపు తిరిగింది.

“మీరు దిగండి.”

“ఈడ దిగుడెందుకు? టికెట్ కోదాడ దాక ఉంది గద.”

“బస్సు కాదండీ. నీళ్ళలోకి. నా బదులు మీరు దిగండి.”

నాకు ఈత రాదన్నాను. దానికి ఈత రానక్కర్లేదు, ఊపిరి తీసుకోవడం వస్తే చాలంది. ఆ మాట అని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

సూర్యాపేట శివార్లలో, హైవే పక్కన ఒక స్విమ్మింగ్ పూల్ ఉంది. నేవీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఎండాకాలంలో ఆదివారాలు అక్కడికి వచ్చి, కొత్తవాళ్ళకు సిలిండర్ కట్టుకుని నీళ్ళలోకి దిగడం నేర్పిస్తాడట. ఆమే కనుక్కుంది. అప్పటికి ఆమె ముక్కుకు గొట్టం వచ్చేసింది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్, కరెంటు పోతే సిలిండర్. బయటికి వెళ్ళాలంటే చక్రాల బండి మీద చిన్న సిలిండర్. ఆ బండితోనే కిరాయి కారులో బయలుదేరాం. దారిలో ఆమె నాకు వరుస చెప్పిస్తూనే ఉంది. ముందు సూట్, తర్వాత జాకెట్‌కు సిలిండర్, తర్వాత గాలిని నోటికి అందించే రెగ్యులేటర్. పరీక్షకు పోయే పిల్లవాడిలా నేను అప్పజెప్పాను.

పూల్ పక్కన రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టాను. పెద్దాయన టార్పాలిన్ మీద సామానంతా పరిచాడు. నేను ఒక్కొక్కటి ముట్టుకుని చూశాను. జాకెట్ వెనక పట్టీని తడిపి సిలిండర్‌కు బిగించమన్నాడు. పొడిగా బిగిస్తే నీళ్ళలో వదులైపోతుందట. సిలిండర్ మూతి దగ్గరి సన్నటి రబ్బరు రింగు చిట్లలేదు కదా అని గోటితో తడిమించాడు. దాని మీద రెగ్యులేటర్ కూర్చోబెట్టి, మర బిగించి, వాల్వ్ మెల్లగా తిప్పమన్నాడు. గొట్టాలు బుస్సుమని బిగుసుకున్నాయి. గడియారంలాంటి మీటర్‌లో ముల్లు లేచింది. నాకు అందులో కొత్తేమీ లేదు. మిల్లులో రోజంతా చూసేది ముళ్ళే. ఇంట్లో ఆమె సిలిండర్ మార్చేదీ నేనే.

లోపల ఉన్నది ఆక్సిజన్ కాదనీ, మనం పీల్చే మామూలు గాలేననీ పెద్దాయన చెప్పాడు. ఆమె కుర్చీలోంచే, “మా ఇంట్లో ఉన్నదే ఖరీదైన సరుకు సార్,” అంది. ఆయన నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. నేను నవ్వాను కాబట్టి ఆయనా నవ్వాడు.

అన్నిటికన్నా కష్టమైంది ఆ నల్లటి రబ్బరు సూట్. మడమ దగ్గరే ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాదు, చెమటతో ఇంకా పట్టేస్తోంది. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బట్టల షాపు ప్లాస్టిక్ కవర్లు తీసి చూపించింది. పాదానికి కవర్ తొడుక్కుని ఎక్కిస్తే జారిపోతుందని ఏదో వీడియోలో చూసిందట. ఇంటి నుంచే తెచ్చింది. నిజంగానే జారిపోయింది. వీపు మీది జిప్ నాకు అందలేదు. ఆమె లేచి, బండి లాక్కుంటూ వచ్చింది.

“నువ్వు జర కూసో. సార్ పెడ్తడు.”

“మీరు తిరగండి ముందు.”

జిప్ సగం లాగి ఆగింది. నా వీపు మీద చెయ్యి ఆనించి ఊపిరి కూడదీసుకుంది. మళ్ళీ లాగింది.

మాస్క్ అద్దం మీద ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి వేసి రుద్ది కడగాలన్నాడు పెద్దాయన. భయానికి నా నోరెండిపోయి ఉంది. ఎంత ప్రయత్నించినా తడి రాలేదు. ఆమె నా చేతిలోంచి మాస్క్ తీసుకుని, అటు తిరిగి తనే ఉమ్మి, వేలితో అద్దమంతా రుద్ది, పూల్ నీళ్ళలో కడగమని ఇచ్చింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళలా ఇద్దరం సిగ్గుపడ్డాం.

నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి జాకెట్ తొడిగారు. సిలిండర్ బరువు ఒక్కసారిగా వెనక్కి లాగింది. నడుముకు సీసపు బిళ్ళల బెల్టు. దిగేముందు జోడీగా దిగే మనిషి మన పట్టీలన్నీ తడిమి చూడాలనీ, ఇది ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా మానరనీ పెద్దాయన చెప్పాడు. ఇవాళ నీ జోడీ నేనేనంటూ వంగబోయాడు.

“పట్టీలు నేను చూడొచ్చా సార్?” అని అడిగింది ఆమె.

ఆయన పక్కకు జరిగాడు.

భుజాల పట్టీలు రెండూ లాగి చూసింది. ఛాతీ మీది క్లిప్ నొక్కింది. బెల్టు కొక్కెం మీద నా కుడిచెయ్యి పెట్టించి, అవసరమైతే దీన్ని లాగేస్తే బరువంతా పడిపోతుంది, గుర్తుపెట్టుకోండి అంది. నోట్లో పెట్టుకునేది పెట్టించి, ఊపిరి తీసుకుంటుంటే మీటర్ ముల్లు కదలకుండా ఉందో లేదో వంగి చూసింది. పట్టీకీ పట్టీకీ మధ్య ఆగేది. ఆగినప్పుడల్లా ఆమె గొంతు కింద గుంట లోపలికి పోయి వచ్చేది. పెద్దాయన అప్పుడు పూల్ వైపు తిరిగి నీళ్ళు చూస్తుండేవాడు. ఆమె ఆయాసం చూడనట్టే ఉన్నందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

మొదటిసారి తల మునిగింది. గాలి వస్తూనే ఉంది, కానీ నా ఛాతీ తీసుకోవడం లేదు. కాళ్ళు కొట్టుకుని పైకి లేచి, నోట్లోది ఊడబీకి, నావల్ల కాదన్నాను. పెద్దాయన పర్లేదు అన్నాడు. ఆమె గట్టు చివరిదాకా వచ్చి, బండి పట్టుకుని మెల్లగా కూర్చుంది.

“నోటితో తీసుకోండి. గబగబా తీసుకుంటే చాలదు, ఇంకా కావాలనిపిస్తుంది. నెమ్మదిగా మొత్తం వదిలెయ్యండి, అప్పుడు అదే వస్తుంది. నేను రోజూ చేస్తున్నదే కదా.”

ఆ ఒక్క మాటతో రెండోసారి దిగాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. అడుగున మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. వదిలినప్పుడల్లా బుడగలు గలగలమంటూ చెవుల పక్కనుంచి పైకి పోతున్నాయి. తల ఎత్తితే నీటి పైన ఆమె చీర రంగు వణుకుతూ కనిపించింది. గాలి అడిగినంత వస్తోంది. ఎంత అడిగితే అంత. ఒక కొత్తవాడికి, ఈత కూడా రానివాడికి, నీళ్ళ అడుగున కూర్చున్నా కడుపునిండా గాలి దొరుకుతోంది. పైన ఎండలో, గట్టు మీద గాలిలో కూర్చున్న మనిషికి దొరకడం లేదు.

పైకి వచ్చాక ఆమె తువ్వాలు ఇచ్చి, “గాలి బాగా వచ్చిందా?” అని అడిగింది.

వచ్చిందన్నాను. బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

వానాకాలం మొదలయ్యాక ఆమె మంచం దిగలేదు. అమ్మ దగ్గర ఉంటానంటే కోదాడ తీసుకొచ్చాను. మా అత్తమ్మ ముందు గదిలో బట్టలు కుడుతుంది. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. సాయంత్రాలు ఇరుగుపొరుగు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సూట్ తర్వాత ఏంటి, జాకెట్ తర్వాత ఏంటి అని అడిగేది. చెప్పేవాణ్ణి. ఒక్కోసారి కావాలనే తప్పు చెప్పేవాణ్ణి, దిద్దుతుందని. పోను పోను దిద్దడం కూడా మానేసి, తల ఊపేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. సిలిండర్‌కు మార్చాను. ఆమె నా వేళ్ళు పట్టుకుంది, తర్వాత వదిలేసింది. ముందు గదిలో కుట్టుమిషన్ తిరుగుతూనే ఉంది. ఆమె పోయిన తర్వాత కూడా ఆ గొట్టంలోంచి గాలి సన్నగా వస్తూనే ఉంది. ఎవరో ఒకరు ఆ వాల్వ్ కట్టెయ్యాలి. నేనే కట్టేశాను. వాళ్ళ నాన్న సమాధి పక్కన ఆమెను పెట్టాం.

తర్వాతి ఎండాకాలం విశాఖపట్నం వెళ్ళాను. మిల్లులో పనుందని చెప్పుకుంటూ చాలా రోజులు వాయిదా వేశాను. చివరికి నాతో పనిచేసే అతనే నా డ్యూటీ తీసుకుని పొమ్మన్నాడు. పడవలో అంతా తెలిసిన సామానే. పట్టీ తడిపాను, రింగు తడిమాను, ముల్లు చూశాను. నాతో దిగాల్సిన ఒక కాలేజీ కుర్రాడు నా పట్టీలు చకచకా లాగి చూసి, ఓకే అంకుల్ అన్నాడు. అతనేం తప్పు చేశాడు పాపం. కానీ ఆ చేతులు నా భుజాల మీద పడి, ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయాయి. కొంతసేపు పడవ అంచున కూర్చుండిపోయాను. వద్దంటే మానెయ్యండి, ఒడ్డుకు తీసుకెళ్తామన్నారు. ఒడ్డున ఉండటం ఇక నా వల్ల కాదనిపించింది. నీళ్ళలోకి వెనక్కి వాలాను.

అడుగున వీడియోల్లో ఉన్నంత రంగులేమీ లేవు. నీళ్ళు కొంచెం మసక. కానీ రాళ్ళున్నాయి, రాళ్ళ మీద గోబీ పువ్వులాంటివేవో పట్టుకుని ఉన్నాయి, నల్లచారల పసుపు చేపలు గుంపుగా వచ్చి నా మాస్క్ ముందు నిలబడ్డాయి. బాగుంది. ఎంత బాగుందంటే, నాకు కోపమొచ్చింది. ఆమె చూడనిది ఇంత బాగుండటమేమిటని. మాస్క్‌లో కళ్ళ కింద తడి చేరింది. సముద్రపు నీరో నా కన్నీరో తెలియలేదు. మాస్క్ పైఅంచు నొక్కి, ముక్కుతో గట్టిగా ఊది, నేర్పినట్టే బయటికి పంపేశాను. మళ్ళీ నిండింది.

తిరుగు ప్రయాణంలో మిర్యాలగూడ దాకా పోకుండా కోదాడలో దిగాను. అత్తమ్మ ఎవరిదో జాకెట్ కత్తిరిస్తోంది. ఎక్కడి నుంచి అంటే చెప్పాను. కత్తెర పక్కన పెట్టి, లోపల ఏముందని అడిగింది. రాళ్ళు, చేపలు, చారలు, మసక, చలి, అన్నీ చెప్పాను. అంతా విని ఒళ్ళోని గుడ్డముక్కలు దులుపుకుంది.

“దానికి చెప్పావా నాయనా?”

“లేదత్తమ్మా. సక్కగ ఈడికే వచ్చిన.”

“వెళ్ళి చెప్పి రా. ఈలోపు అన్నం వండుతాను.”

వెళ్ళాను. సమాధుల మధ్య ఎవరో గడ్డి కోసి కుప్పలు వేశారు. ఆమె దగ్గర నిలబడి మొదలుపెట్టబోయాను. ముందు సూట్ అనుకున్నాను. ఆ తర్వాత ఒక్క మాట కూడా రాలేదు. ఎండ తగ్గేదాకా అలాగే నిలబడి తిరిగి వచ్చేశాను.

అత్తమ్మ కంచం పెట్టి, చెప్పావా అన్నట్టు చూసింది. తల అడ్డంగా ఊపాను. పప్పు వేసి, నెయ్యి వేసి, తనూ ఒక కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. ఇద్దరం తినడం మొదలుపెట్టాం.